మనిషి ఉన్నడు

హై అలర్ట్ ఎప్పుడు ఎక్కుతుందో మనకు టీవీ చెబుతుంది. ఎప్పుడు దిగుతుందో మాత్రం ఇంతవరకూ ఏ మహానుభావుడూ చెప్పలేదు. తెలంగాణ వచ్చినప్పటి నుంచీ నేను జడ్చర్లలోనే ఉంటున్నాను. ఎక్కడో ఏ పెద్ద నగరంలోనో ఏదో జరుగుతుంది. ఆ సాయంత్రానికి మా బస్టాండు ముందు లోహాలు పసిగట్టే దర్వాజా ఒకటి వచ్చి నిలబడుతుంది. దానికి అటూ ఇటూ గోడ ఉండదు. బుద్ధిమంతులు అందులోంచి పోతారు, తొందరున్నవాళ్లు పక్కనుంచి పోతారు. పాపం అది అందరికీ కుయ్యిమంటుంది కాబట్టి ఎవరినీ ఆపరు. మా అమ్మ అయితే దర్వాజా కనబడింది కదా అని దానికో దండం పెట్టి మరీ దాటేది.

మైకులో ఒక ఆడగొంతు చెబుతూనే ఉంటుంది. యజమాని లేని సంచులు కనిపిస్తే ముట్టుకోవద్దు, పోలీసులకు చెప్పండి అని. నేను పనిచేసే మందుల కంపెనీలో కూడా మాకు ఇదే విషయం మీద ఒక క్లాసు పెట్టారు. ఆకుపచ్చ అట్ట చూపిస్తే మామూలు రోజు. పసుపు అట్ట చూపిస్తే చుట్టుపక్కల కనిపెట్టుకుని ఉండాలి. ఎరుపు చూపిస్తే చేతిలో పని వదిలేసి బయటికి నడవాలి. మేము చక్కగా నడిచి వెళ్లి వేపచెట్టు కింద నిలబడ్డాం, చప్పట్లు కొట్టించుకున్నాం. ఇంటికొచ్చి బాపుకు ఆ రంగుల సంగతి చెబితే, నల్లగొండ వైపు మగ్గం మీదే బతికిన మనిషి కదా, పసుపు మీద ఎర్రంచు మంచిగుంటదని తేల్చేశాడు.

అప్పటికే ఆయనకు పసుపూ ఎరుపూ ఒకటిగా కనబడుతున్నాయి. ఒక కన్ను పోయింది, ఇంకో కంట్లో మసక. మగ్గం ఆపేసి, అమ్మతో పాటు నా దగ్గరికి వచ్చేశాడు. హైదరాబాదులో కండ్ల దవాఖాన వాళ్లు ఆపరేషన్‌కు రోజు ఇచ్చారు. మధ్యాహ్నంలోపు వచ్చి చేరాలి, ఈ రోజు తప్పితే మళ్లీ ఎప్పుడిస్తామో చెప్పలేం, ఆలస్యమైతే ఉన్న కన్ను కూడా దక్కదు అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి అమ్మ కడుపునిండా తిన్నది లేదు. బాపు మాత్రం, కన్ను వస్తే ముందుగా మీ అమ్మ ముఖం చూడాలె, ఎంత ముసలిదైందో, అని ఆమెను ఉడికించేవాడు.

ఆ రోజు పొద్దున్నే బస్టాండుకు పోయాం. కుదుపులకు ఆయన నిలబడలేడు, సీటు దొరకాలి. మా దగ్గర సీటు దొరకడానికి ఒకటే పద్ధతి. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి రుమాలో, సంచో, టోపీనో సీటు మీదికి విసరాలి. తర్వాత ఎవరైనా వచ్చి అడిగితే పక్కవాళ్లు "మనిషి ఉన్నడు" అంటారు. మనిషి ఉండడు, రుమాలే ఉంటుంది. కానీ ఆ మాటకు తిరుగులేదు. మైకులో ఆమె యజమాని లేని సంచుల గురించి మొత్తుకుంటూనే ఉంటుంది, మేము దానికింద నిలబడి సంచులు విసురుతూనే ఉంటాం. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

అమ్మ విసరడంలో దిట్ట. తన వైరు సంచిని, అదే, ప్లాస్టిక్ వైరుతో అల్లిన ఎర్రసంచిని, డ్రైవరు వెనక సీటు మీదికి గురిచూసి తోసింది. జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ కారం, బాపు లుంగీ, కంట్లో వేసే చుక్కల మందు అందులోనే ఉన్నాయి. బాపును నేను తలుపు దాకా పట్టుకుపోయాను. అక్కడి నుంచి జనమే ఆయన్ని లోపలికి ఎక్కించారు. ఎక్కించినవాళ్లు ఊరుకున్నారా, తోసుకుంటూ పోయి పోయి వెనకాల ఎక్కడో ఒక సీట్లో కూలేశారు. ముందు మా సంచి, వెనక మా బాపు. బస్సు కదలడానికి ఇంకా టైముందని కండక్టరు చెప్పాడు. అమ్మకు బాత్రూముకు పోవాలి, ఒంటరిగా పోదు. పోతూ పోతూ వెనక కిటికీ కింద నిలబడి బాపుకు గట్టిగా చెప్పింది.

"ఏం జరిగినా దిగకు. ఎవలన్న అడిగితే మనిషి ఉన్నడని చెప్పు."

బాపు తల ఊపాడు. అమ్మ మాటకు ఆయన ఎన్నడూ ఎదురు చెప్పినవాడు కాదు.

మేము లేనప్పుడు జరిగింది తర్వాత తలా ఒక ముక్క చెబితే తెలిసింది. కండక్టరు ముందు సీట్లోని సంచి చూసి, ఇదెవరిదని అడిగాడట. వెనక నుంచి బాపు, అమ్మ నేర్పిన పాఠం తప్పకుండా, "మనిషి ఉన్నడు" అన్నాడట. ఆయన తన పక్క సీటు గురించి అంటున్నాడనుకుని ఎవరూ పట్టించుకోలేదు. కండక్టరు మళ్లీ అడిగాడు, జవాబు లేదు. ఆయనకూ క్లాసు అయినట్టుంది. బాంబు అనే మాట నోట రానివ్వకుండా, దిగి పోయి దర్వాజా దగ్గరి పోలీసాయనకు "వైరు సంచి" అని చెవిలో చెప్పాడు. ఆయన ఫోనులో పైఆఫీసరుకు "వైర్ల సంచి" అన్నాడు. ఆ ఫోను పక్కన నిలబడి విన్నవాడు బస్సు దగ్గరికి వచ్చి, వైర్లు బయటికే కనబడుతున్నాయన్నాడు. ఇంకేముంది, బస్సు ఖాళీ. అంత తొందరగా ఖాళీ అయిన బస్సును జడ్చర్ల చూసి ఉండదు. దిగేటప్పుడు కూడా తోసుకున్నారట, ఈసారి బయటివైపు.

మేము తిరిగొచ్చేసరికి బస్సు చుట్టూ తాడు కట్టేశారు. జనం దూరంగా గుంపుగా నిలబడ్డారు. మహబూబ్‌నగర్ నుంచి కుక్క రావాలి, వచ్చి వాసన చూడాలి, అప్పటిదాకా ఎవరూ దగ్గరికి పోవద్దని చెబుతున్నారు. కుక్క ఎప్పుడు వస్తుందని ఎవరో అడిగితే, బయలుదేరిందన్నారు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు అని నాకు నవ్వొచ్చింది. ఎవరి సంచో, ఏమి గొడవో అనుకున్నాను. అప్పుడే అది మా బస్సని గుర్తుపట్టాను. గుంపులో బాపు కోసం చూశాను. లేడు. నవ్వు అక్కడే ఆగిపోయింది. పొట్టి మనిషి, అంత దూరం నుంచి కిటికీలో తల కూడా కనబడదు.

అమ్మ నాకంటే ముందే తాడు దగ్గరికి ఉరికింది. "లోపట మనిషి ఉన్నడు!" అని అరిచింది.

గుంపులో కొందరు నవ్వారు. ఒకాయన, ప్రాణాల మీదికొస్తే ఈమెకు సీటు గోల అన్నాడు. ఇంకొకామె, ఇయ్యాల నీ సీటు ఎవలు తీసుకోరు ఊకో అవ్వా అని సముదాయించింది. తాడు దగ్గర కాపలా ఉన్న పోలీసు ఇంకా పిల్లగాడే, విసుక్కోలేదు కూడా. "అమ్మా, సీటు మళ్ల పట్టుకుందువు, జర ఎనకకు జరుగు" అన్నాడు. మనిషి ఉన్నడని అమ్మ మళ్లీ మళ్లీ అంటూనే ఉంది. అన్నకొద్దీ వాళ్లు నవ్వుతూనే ఉన్నారు. జన్మంతా రుమాలును మనిషి అని చెప్పుకున్నవాళ్లం కదా, నిజంగా మనిషి ఉంటే చెప్పడానికి మా దగ్గర ఇంకో మాట మిగల్లేదు. నాకు కోపం నెత్తికెక్కింది. పోలీసాయన చెయ్యి పట్టుకుని గుంజాను.

"సీటు గాదు సార్. మా బాపు. కండ్లు కనపడయి. ఎనక సీట్ల కూసున్నడు. ఆ సంచి గూడ మాదే."

ఆ పోలీసాయన ముఖం తెల్లబోయింది. వెనక నుంచి ఎవరో ఆగమని అరుస్తున్నా ఆగకుండా, తాడు దాటి బస్సులోకి ఉరికాడు. క్లాసులో ఆయనకు అట్లా నేర్పి ఉండరు. నేను కూడా ఆయన వెనకే పోయాను. బాపు వెనక సీట్లో కాళ్లు ముడుచుకుని, పక్క సీటు మీద చెయ్యి పరిచి కూర్చున్నాడు. అమ్మకోసం సీటు కాపాడుతున్నాడు. దిగమంటే, సీటు పోతది, మా ఆమె దిగొద్దన్నది అన్నాడు. బస్సులో నువ్వు తప్ప ఎవరూ లేరని పోలీసాయన చెప్పాడు.

"గందుకేనా ఇంత సల్లగుంది?" అన్నాడు బాపు. నావైపు ముఖం తిప్పి, "అందరు లేస్తుంటే ఏమైంది, ఏమైందని అడిగిన బిడ్డా. ఎవలు చెప్పలే" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. పోలీసాయనే బాపు చెయ్యి పట్టుకుని కిందికి దించుకొచ్చాడు.

నేను దింపుకొచ్చిన సంచిని అమ్మ విప్పి రొట్టెలు, లుంగీ, చుక్కల మందు తాడు పక్కన వరసగా పరిచింది. అప్పటికి వచ్చి చేరిన పైఆఫీసరు రెండు మాటలు తిట్టి, కుక్కను దారిలోనే వెనక్కి పంపమని ఫోను చేసి, బస్సు వదిలేశాడు. వదిలీ వదలకముందే మళ్లీ రుమాళ్లు, సంచులు కిటికీల్లోంచి ఎగిరాయి. మైకులో ఆమె మళ్లీ మొదలుపెట్టింది. మేమిద్దరం ఈసారి బాపును మధ్యలో పెట్టుకుని ఎక్కి, డ్రైవరు వెనక మా సీట్లోనే ఆయన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి, సంచి పైన సర్దుతూ నిలబడ్డాం. నేను టైము చూసుకుంటూనే ఉన్నాను. గట్టిగా తోలితే మధ్యాహ్నంలోపు అందుకోవచ్చు.

అప్పుడు ఒకాయన చేతిలో టోపీతో వచ్చాడు. ఇంతకు ముందు వెనకాల బాపు ముందరి సీట్లో కూర్చుని, బస్సులోంచి అందరికంటే ముందు దూకినవాడు ఆయనే అని తర్వాత కండక్టరు చెప్పాడు. బాపు పక్క సీటు చూసి, ఇక్కడ ఎవరన్నా ఉన్నారా పెద్దాయనా అని అడిగాడు.

బాపు ఆ గొంతును గుర్తుపట్టినట్టున్నాడు. పక్క సీటు మీద పరిచిన చెయ్యి తీసి తన ఛాతీ మీద పెట్టుకున్నాడు.

"మనిషి ఉన్నడు" అన్నాడు. "ఇందాక గూడ ఉండె."

ఆయన టోపీ నలుపుకుంటూ అమ్మను ఆ సీట్లో కూర్చోమని, హైదరాబాదు దాకా తలుపు దగ్గరే నిలబడి వచ్చాడు. మేము దవాఖాన మెట్లు ఎక్కేటప్పుడు మాత్రం బాపు రెండో చెయ్యి ఆయనే పట్టుకున్నాడు.