గొడుగుల కట్టకు వెనక కొస

దువాన్‌కు అనుమానం ఎప్పుడు పుట్టిందని ఎవరైనా అడిగితే, ఆమె పుట్టిన మర్నాడే పుట్టిందని చెప్పాలి. బ్యాంకాక్‌కు దగ్గర్లోని బాంగ్ సేన్ సముద్రపు ఒడ్డున ఆమె గొడుగుల కింద కూర్చుని కాల్చిన పీతలు తిని వెళ్ళిన ప్రతివాడికీ ఆ సంగతి తెలుసు. చేపల సాసు కొంటే కొట్లోనే మూత తీసి వాసన చూస్తుంది. పొద్దున్నే భిక్షకు వచ్చిన సన్యాసి పాత్రలో అన్నం పెడుతూ కూడా, ఈయన నిన్నటి ఆయనేనా అని మొహంలోకి తొంగి చూస్తుంది. మొగుడు దక్షిణాదికి చేపల పడవ మీద వెళ్ళి అక్కడ ఇంకో కాపురం పెట్టాడు కదా, పాపం అందుకే ఇలా తయారైందని కొందరు జాలి పడతారు. జాలీ లేదు, గీలీ లేదు. ఆ మొగుడు బుద్ధిగా ఇంట్లో ఉన్న రోజుల్లోనే అతని చొక్కా జేబులు రోజూ తిరగేసేది. ఆ ఒక్క అనుమానం నిజమైంది. దాంతో మిగిలినవన్నీ కూడా నిజమేనని ఆమెకు గట్టి నమ్మకం కుదిరింది.

ఒడ్డున ఆమెకు నాలుగు వరసల జాగా ఉంది. గొడుగులు, మడత కుర్చీలు, నల్లటి పెద్ద ట్యూబులు, అదే ఆమె వ్యాపారం. సాయంత్రం అయ్యేసరికి అన్నీ మడిచి, కట్టలు కట్టి, రోడ్డు పక్కన సరుగుడు చెట్ల కింద ఉన్న రేకుల కొట్టులోకి చేర్చాలి. పొద్దున మళ్ళీ మోసుకు రావాలి. మెత్తటి ఇసుకలో తోపుడు బండి చక్రాలు దిగబడిపోతాయి కాబట్టి మనిషి చేతులే దిక్కు. ఒక రోజు జాగా ఖాళీగా కనబడిందా, పక్కవాడి కుర్చీలు మెల్లగా ఇటు పాకుతాయి. ఇలా పాకి పాకి జాగాలు చేతులు మారిన వైనాలు ఆ ఒడ్డున చాలానే ఉన్నాయి.

వెనకటికి కట్టలు తాళ్ళతో కట్టేవాళ్ళు. తడిసిన తాడు జారుతుంది, ముడి ఎవడైనా విప్పి మళ్ళీ వేసేయగలడు. ఎవడో విప్పుతున్నాడనే దిగులుతోనే దువాన్ సగం జీవితం గడిపింది. అప్పుడు బజార్లోకి లావుపాటి కేబుల్ టైలు వచ్చాయి. బొటనవేలంత వెడల్పు, నల్లగా, పళ్ళున్న పట్టీ. ఒకసారి బిగిస్తే ఇక వెనక్కి రాదు, కోయాల్సిందే. అవి చూసిన రోజున దువాన్ మొహం వెలిగిపోయింది. "ఇదీ వస్తువంటే! దీనికి అబద్ధమాడటం రాదు" అంది కొట్టువాడితో.

గొడుగులన్నీ ఒక వైపుకు తలలు పెట్టి పేర్చి, నడుమున రెండు టైలు బిగించేది. ముందు కొస దగ్గర ఒకటి, వెనక కొస దగ్గర ఒకటి వదులుగా ఉంగరంలా వేసి, చెయ్యి కోసుకోకుండా వాటికి నీళ్ళ గొట్టం ముక్కలు తొడిగేది. అవే చేతి పిడులు. ముందు పిడి దువాన్ పట్టుకుంటే వెనక పిడి ఆమె మరదలు సమ్రువై పట్టుకునేది. సమ్రువై అంటే పోయిన తమ్ముడి భార్య. తమ్ముడు పోయాక ఆమె ఎటూ వెళ్ళలేదు, వదినతోనే ఉండిపోయింది. ఇద్దరూ లేనిదే ఆ కట్ట లేవదు. కట్ట లేవకపోతే జాగా లేదు. దువాన్‌కు ఈ లోకంలో ఉన్నవి ఆ జాగా, ఆ మరదలు, ఈ రెండే. రెంటి మీదా అనుమానమే.

మోసేటప్పుడు కూడా ఆమె ఊరుకునేది కాదు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి చూసేది.

"ఏంటి వదినా, మెడ నొప్పి పుట్టట్లేదూ? నేనేం ఎత్తుకుపోతున్నానా?" అనేది సమ్రువై.

"ఎత్తుకుపోయేవాళ్ళు చెప్పి పోతారా ఏంటి?"

అలాంటి దువాన్‌కు ఒక సాయంత్రం కట్ట పక్కన ఇసుకలో ఒక నల్లటి ముక్క దొరికింది. కోసిన కేబుల్ టై ముక్క. టైలు కోసేది పొద్దున, కట్టలు విప్పేటప్పుడు. సాయంత్రం బిగించడమే గాని కోయడం లేదు. పొద్దుటి ముక్కలన్నీ ఆమె తన చేత్తోనే ఏరి డబ్బాలో వేస్తుంది. మరి ఇదెక్కడి నుంచి ఊడిపడింది? ఆ ముక్కను నడుముకున్న సంచిలో దాచుకుంది, ఎవరికీ చెప్పలేదు.

ఆ మర్నాడు కట్ట ఎత్తితే తేలికగా ఉంది. నిజంగానే తేలిక. వాన వెలిసిన రోజున, తడి గొడుగులతో కూడా, ఆమె వైపు కొస ఊరికే లేచి వచ్చింది. గొడుగులు లెక్కపెట్టింది, సరిపోయాయి. సరిపోతే మాత్రం? ఇనుప కర్రలు తీసేసి అల్యూమినియంవి పెట్టి ఉండొచ్చు కదా! ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీది అయస్కాంతం బొమ్మ తెచ్చి, ఎవరూ చూడకుండా ఒక్కో కర్రకూ ఆనించింది. అన్నిటికీ టక్కున అతుక్కుంది. అనుమానం తీరాలి కదా, తీరలేదు. 'ఈ మధ్య అయస్కాంతాలు కూడా నాసిరకానివే వస్తున్నాయి' అనుకుంది.

ఇక మూడోది చూశాక నిద్రే పట్టలేదు. పక్క జాగా ప్రయూన్ అనే అతనిది. బట్టతల, ఎప్పుడూ నవ్వు మొహం. ఎప్పుడూ నవ్వే మనిషిని దువాన్ ఎలా నమ్ముతుంది! ఆ ప్రయూన్ మధ్యాహ్నం పూట సమ్రువై చేతిలో ఒక పొట్లం పెట్టడం, సమ్రువై దాన్ని చప్పున సంచిలో దోపుకోవడం ఆమె కళ్ళారా చూసింది. దాంతో కథంతా ఆమె తలలో దానంతట అదే అల్లుకుపోయింది. వీడూ ఇదీ ఒకటయ్యారు. గొడుగులు ఒకటొకటిగా మారుస్తున్నారు. ఒకనాటి పొద్దున తను వచ్చేసరికి జాగాలో ప్రయూన్ కుర్చీలుంటాయి, వాటి మధ్య సమ్రువై నడుం మీద చేతులు వేసుకుని నిలబడి ఉంటుంది.

సెలవుల ముందు రోజు సాయంత్రం దువాన్ కట్టలు బిగించింది. ఎప్పటిలాగే నీటి అంచున ట్యూబులు ఏరుకురావడానికి వెళ్ళబోతూ, ఒక్కో టై తల మీద ఎర్రటి గోళ్ళ రంగుతో చిన్న చుక్క పెట్టింది. ట్యూబులతో తిరిగి వచ్చేసరికి చీకటి పడుతోంది. ఏమీ ఎరగనట్టు కట్ట మోసి కొట్టులో పెట్టించింది.

పొద్దున్నే కొట్టు తలుపు తీసి, కట్ట మీదికి వంగి చూసింది. ముందు పిడి మీద ఎర్ర చుక్క ఉంది. నడుమున రెండింటి మీదా ఉంది. వెనక పిడి మీద లేదు.

ఒంటికి నిప్పంటుకున్నట్టయింది. చెప్పకూడదు గాని, లోపలెక్కడో కాస్త సంతోషం కూడా వేసింది. ఇన్నాళ్ళ కాపలాకు దొంగ దొరికింది మరి!

"సమ్రువై! ఇలా రా. ఈ టై ఎవరు కోశారు?"

ఆ కేకకు రోడ్డు పక్కన బండి మీద మురీలు, మరమరాలు అమ్మే ముసలామె విసనకర్ర ఆపేసింది. ప్రయూన్ కుర్చీలు దించుతున్నవాడల్లా అలాగే నిలబడ్డాడు.

సమ్రువై వచ్చి కట్ట వైపు చూసింది. "నేనే" అంది.

"చూశారా, చూశారా! నోటితోనే ఒప్పుకుంది! ఎందుక్కోశావ్? ఏం తీశావ్?"

"ఏం పోయిందో చెప్పు వదినా."

"ఏం పోయిందో తెలిస్తే నిన్నెందుకు అడుగుతాను?"

"గొడుగులు లెక్కపెట్టావుగా. తగ్గాయా?"

"తగ్గకపోవడమే నా అనుమానం!"

మురీల ముసలామె కిసుక్కున నవ్వింది. ఆ నవ్వుతో దువాన్‌కు పిచ్చి కోపం వచ్చింది. "నవ్వండి, నవ్వండి! నా ఇంట్లో తింటూ, నా కట్టలు కోస్తూ, పక్కవాడితో పొట్లాలు మార్చుకునే దొంగని పెంచుకున్నాను. నా తమ్ముడు పోతూ పోతూ నా నెత్తిన దొంగని పెట్టి పోయాడు!"

సమ్రువై నోరు తెరిచింది. దువాన్ మోకాలి వైపు ఒకసారి చూసింది, ప్రయూన్ వైపు చూసింది, ముసలామె వైపు చూసింది. తెరిచిన నోరు మూసుకుంది. నెత్తిన ఉన్న వెదురు టోపీ తీసి కట్ట మీద పెట్టి, సంచి భుజాన వేసుకుని రోడ్డు వైపు నడిచింది. వెనక్కి తిరిగి చూడలేదు.

అప్పటికే బ్యాంకాక్ వ్యాన్లు వచ్చి ఆగుతున్నాయి. జనం పిల్లల్నీ, జిగురన్నం బుట్టల్నీ దించుకుంటున్నారు. దువాన్ జాగాలో ఒక్క గొడుగు లేదు.

"అక్కా, నేనో కొస పట్టనా?" అన్నాడు ప్రయూన్, అదే నవ్వు మొహంతో.

వద్దనాలని నోటిదాకా వచ్చింది. కాని ఎండెక్కుతోంది. "సరే పట్టు. నువ్వు ముందు నడు" అంది. ఈ మనిషిని వెనక పెట్టుకుని నడవడమా! తను వెనక ఉంటే వీడి చేతులెక్కడున్నాయో కనబడుతూ ఉంటుంది. అందుకని ఎన్నడూ లేనిది, ఆ పొద్దున దువాన్ కట్ట వెనక కొసకు వెళ్ళి, వంగి, పిడి పట్టుకుంది.

ప్రయూన్ వైపు కొస ఈకలా లేచింది. ఆమె వైపు కొస కదల్లేదు.

రెండోసారి పళ్ళు బిగించి ఎత్తింది. మోకాట్లో ఏదో కలుక్కుమంది. కట్ట వదిలేసి ఇసుకలో కూలబడిపోయింది. ఆ మోకాలు కిందటి వానల్లో జారిపడినప్పటి నుంచీ అంతే. డాక్టరు బరువులెత్తొద్దన్నాడు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. లంగా కింద గుడ్డ చుట్టుకుని, నొప్పిని పంటి బిగువున దాచుకుని తిరుగుతోంది. కుంటిదైందని తెలిస్తే జాగా దక్కనిస్తారా?

ప్రయూన్ వెనక్కి వచ్చి పిడి చూశాడు. "చూశావా అక్కా, వెనక పిడి ఎంత లోపలికి కట్టి ఉందో? నడుం దాకా వచ్చేసింది! ఇలా కడితే బరువంతా వెనకవాళ్ళ మీదేగా పడేది. ముందున్నవాళ్ళు ఊరికే చెయ్యి తగిలిస్తే చాలు."

దువాన్ కూర్చున్న చోటి నుంచే కట్ట కొస నుంచి పిడి దాకా జానలతో కొలిచింది.

"నువ్వు కొస దగ్గర కట్టి అటు వెళ్ళగానే అది కోసేసి, లోపలికి జరిపి కొత్తది బిగిస్తుంది సమ్రువై. రోజూ చూస్తున్నదే. టైలు కూడా నాచేతే తెప్పించుకుంటుంది. నీ ప్యాకెట్‌లో తీస్తే నీకు లెక్క తెలుస్తుందని."

"నాతో ఎందుకు చెప్పలేదు?" అంది దువాన్.

"నీ మోకాలి సంగతి నువ్వు చెప్పావా ఎవరికైనా?"

"నీకెలా తెలుసు నా మోకాలు?"

"బాగుంది! ఒడ్డంతా తెలుసు. కుంటుకుంటూ తిరిగే మనిషి కనబడదా? నీకు చెప్పడం ఇష్టం లేదని మేమూ ఊరుకున్నాం." ప్రయూన్ తన కుర్చీల వరస వైపు చెయ్యి చూపించాడు. "నా కుర్చీలు జానెడు ఇటు జరిగాయా అక్కా? జరిగితే చెప్పు."

జరగలేదు. ఆమె రోజూ కొలుస్తూనే ఉంది.

దువాన్ లేచింది. దాచుకోవడం మానేసి, బాహాటంగా కుంటుతూ రోడ్డు మీదికి నడిచింది. సరుగుడు చెట్ల కింద, జనాన్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి ఊళ్ళోకి తీసుకుపోయే రెండు బల్లల బండి కోసం సమ్రువై గట్టు మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. ఏడుస్తుంటే దువాన్‌కు పని కాస్త సులువయ్యేది.

"ఆ కొస బరువుగా ఉంది" అంది దువాన్.

"తెలిసిందా?"

"చెప్పొచ్చు కదే!"

"చెప్తే నమ్మేదానివా? 'బరువంతా నువ్వే మోసి, రేపు జాగా నాదే అంటావా' అనేదానివి."

దువాన్ అచ్చం ఆ మాటే అనేది, అందులో అనుమానం లేదు.

"రావే, పోదాం. జనం వచ్చేశారు."

"రాను. నలుగురిలో దొంగన్నావు. నీ మోకాలి మాట వాళ్ళ చెవిన పడకూడదని నేను నోరు మూసుకుంటే, నువ్వు నోటికొచ్చినట్టు అన్నావు. ఆ నలుగురి ముందే కాదని చెప్పు, వస్తాను."

దూరంగా బండి హారన్ వినబడింది. దువాన్ ఆ బండి వైపు చూసింది, ఒడ్డు వైపు చూసింది. తర్వాత గట్టు ఎక్కింది. ఆ మోకాలితో ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. నోటికి రెండు చేతులూ దోనెలా పెట్టుకుని అరిచింది.

"వినండర్రా! నా మోకాలు పోయింది! నేను కట్ట మోయలేను! ఇన్నాళ్ళూ నా వంతు కూడా నా మరదలే మోసింది! దాన్ని దొంగన్న నోరు నాది, దాని తప్పేం లేదు! విన్నారా?"

"వినబడిందే తల్లీ, బ్యాంకాక్ దాకా వినబడింది!" అని అరిచింది మురీల ముసలామె. వ్యాన్లు దిగినవాళ్ళు బుట్టలు పట్టుకుని తెల్లబోయి చూస్తున్నారు.

దువాన్‌కు వెంటనే భయం వేసింది. ఇప్పుడందరికీ తెలిసిపోయింది, ఇక ఏమవుతుందో! ఏమీ కాలేదు. ప్రయూన్ తన కుర్చీలు తను వేసుకుంటున్నాడు.

రెండు బల్లల బండి వచ్చి ఆగింది. సమ్రువై లేచి దువాన్‌కు చెయ్యి అందించి గట్టు దింపింది. బండివాడు కాసేపు చూసి వెళ్ళిపోయాడు.

కట్ట దగ్గరికి వచ్చాక దువాన్ కటింగ్ ప్లేయర్ తీసింది. "పిడి కొస దగ్గరికి జరుపుతాను. సగం సగం మోద్దాం" అంది.

"సగం మోసి, మళ్ళీ పడి, మంచం ఎక్కు. నీకు చాకిరీ ఎవరు చేస్తారు? లోపల పెట్టు ఆ ప్లేయర్."

దువాన్ ప్లేయర్ సంచిలో పెట్టేసింది. ఆమెకు అది ఎంత కష్టమో ఆ ఒడ్డున పుట్టి పెరిగినవాళ్ళకు తెలుసు. కోయకుండా, కొలవకుండా, ఇంకొకరు బిగించింది అలాగే ఉంచడం ఆమె జన్మలో అదే మొదలు.

ఇద్దరూ కట్ట ఎత్తారు. దువాన్ ముందు, సమ్రువై వెనక. ఇసుక కాలుతోంది. నాలుగడుగులు వేశాక అలవాటు కొద్దీ మెడ పక్కకు తిరగబోయింది. దువాన్ దాన్ని పట్టి ఆపింది. ఇంకో నాలుగడుగులు. చేతిలో కొస మరీ తేలికగా ఉంది, వెనక మనిషి ఉందో లేదో కూడా తెలియనంత తేలిక. కళ్ళు సముద్రం మీదే పెట్టుకుని నడిచింది. ఇక ఉండబట్టలేక, తల తిప్పకుండానే అడిగింది.

"సమ్రువై, ఉన్నావా?"

"లేకపోతే కట్ట దానంతటదే నడిచొస్తోందా? నడువ్ వదినా."