ఐలయ్య పడవలో నేను మెరుపు పెట్టని చోటు

1981 ఎండాకాలం. అప్పుడు నా పాలిష్ దుకాణం హనుమకొండలో సుబేదారికి పోయే దారిలో ఉండేది. దుకాణమంటే పెద్దదేమీ కాదు. ముందు రేకుల పందిరి, వెనక సామాను పెట్టుకునే ఒక అర్ర. తలుపులు, బీరువాలు, పెళ్ళిళ్ళ రోజుల్లో పందిరి మంచాలు, ఎప్పుడూ చేతినిండా పనే. పాలిష్ అంటే రంగు పూయడమే కదా అనేవాళ్ళ మీద నాకు అప్పుడూ కోపమే, ఇప్పుడూ కోపమే. రంగు వేస్తే చెక్క కనపడదు. నేను చేసేది ఫ్రెంచ్ పాలిష్. లక్కను స్పిరిట్‌లో కరగబెట్టి, గుడ్డలో దూది చుట్టిన ఉండతో పూత మీద పూత రుద్దుతూ పోవాలి. ఓపిక ఉన్నవాడి చేతిలో చెక్క అద్దమైపోతుంది. నేను ఆరబెట్టిన బీరువా తలుపులో చూసుకుంటూ పక్క హోటలాయన రోజూ తల దువ్వుకునేవాడు. నాకది ఎంత గొప్పగా ఉండేదో చెప్పలేను. అతన్ని ఏనాడూ వద్దనలేదు.

ఒక పొద్దున మెడలో తువ్వాలతో పొడుగాటి మనిషి ఒకాయన వచ్చి పందిరి కింద నిలబడ్డాడు. వయసు నాకంటే పెద్దదే. బీరువా తలుపును అరచేత్తో నిమిరాడు.

“ఏటూరునాగారం గెస్ట్‌హౌస్ తలుపులు చేసిన మేస్త్రీవి నువ్వేనా?”

“నేనే. ఏం, పాడైనయా?”

“పాడెందుకైతయ్? గా తలుపుల్ల నా మొఖం కనవడ్డది. గసొంటి పాలిష్ నా పడవకు గావాలె.”

నేను నవ్వేశాను. వరంగల్‌లో పాలిష్ పని చేసేవాణ్ణి పడవ పని అడిగినవాడు అంతకుముందు ఎవడూ లేడు. ఆయన మాత్రం నవ్వలేదు. పేరు ఐలయ్య. ఏటూరునాగారం అవతల గోదావరి ఒడ్డున ఉంటాడు, చేపలు పట్టడం తాతల నాటి పని. సముద్రం మీద తిరిగిన పాత ఇంజిన్ పడవ ఒకటి కోస్తా వైపు అమ్మకానికి వస్తే కొని లారీ మీద తెచ్చుకున్నాడు. దాని వెనక భాగంలో కాక్‌పిట్ ఉంది. అంటే చుక్కాని పట్టేవాడు నిలబడే లోతైన చోటు. చుట్టూ మోకాలెత్తు చెక్క గోడ, ఒక పక్క కూర్చునే బల్ల, కింద నేలపలకలు. ఐలయ్య దాన్ని తొట్టి అనేవాడు. పని ఆ తొట్టికే.

“మొత్తం పడవను వదిలి తొట్టికే ఎందుకన్నా?” అని అడిగాను.

అప్పుడు చెప్పాడు. పోయిన వానాకాలం కొడుకు సదానందం చుక్కాని పట్టుకుని ఉన్నాడు. వాన పడుతోంది. కాళ్ళ కింద చేపల జిగురు. జారి, ఆ మోకాలెత్తు గోడ మీద నుంచి వరద గోదాట్లో పడ్డాడు. వల తాడు చేతికి చుట్టుకుని ఉండబట్టి బతికాడు, చెయ్యి మాత్రం విరిగింది. చెయ్యి అతుక్కుంది కానీ తల్లి రాజమ్మ మనసు అతుక్కోలేదు. కొడుకు ఆ పడవ మీద కాలు పెడితే తను గోదాట్లో దూకుతానని కూర్చుంది.

“పడవంటే నాకు పానం మేస్త్రీ. నా ఒక్కనితోని అది నడవది. పోరడు రాకుంటే ఇంజిన్ అమ్ముకొని, చెక్క పొయ్యిల వెట్టుకొని, మందికాడ కూలికి వల గుంజుడే. తొట్టి కొత్త పెండ్లికూతురు లెక్క మెరిసిందనుకో, మా ఆమె చూసి ఒప్పుకుంటది. జర రా.”

సంచిలో సామాను సర్దుకుని బస్సెక్కాను.

పడవను ఒడ్డు మీదికి లాగి తాటాకు పందిరి కింద పెట్టారు. నేను పని మొదలుపెడితే రాజమ్మ దూరంగా కూర్చుని వల అల్లుతూ చూసేది. నీళ్ళ చెంబు తెచ్చి పక్కన పెట్టేది, పడవను మాత్రం ముట్టుకునేది కాదు. సదానందం పందిరి గుంజకు ఆనుకుని పడవ వైపు చూసేవాడు. పాతికేళ్ళ పిల్లవాడు, పెళ్ళి కావలసినవాడు, తల్లి మాట జవదాటలేక నలిగిపోతున్నాడని చూడగానే తెలిసేది.

పాత రంగు గీకడమే సగం పని. మేము దానికి పగిలిన గాజు పెంకు వాడతాం. పదునైన అంచును చెక్క మీద ఏటవాలుగా పెట్టి లాగితే రంగు పొట్టులా లేస్తుంది. మీద పచ్చ రంగు, దాని కింద నీలం, నీలం కింద ఎరుపు. ఎంతమంది చేతులు మారిందో అన్ని రంగులు. అన్నిటి కింద టేకు. ఉప్పునీళ్ళు తాగి, ఎండలు తిని, అయినా చెక్కుచెదరని టేకు. ఆ చారలు బయటపడిన రోజు ఐలయ్యను పిలిచి చూపించాను. “ఇంత మంచి కట్టె మీద నడుస్తానమా ఇన్నొద్దులు!” అని అక్కడే చతికిలబడ్డాడు.

లక్క నీళ్ళకు ఆగదు, తడి తగిలితే తెల్లగా పాలిపోతుంది. అందుకని ఫ్రెంచ్ పాలిష్ మాట పక్కనపెట్టి, హైదరాబాద్ నుంచి పడవలకు వాడే వార్నిష్ తెప్పించాను. గోడలు, బల్ల, చుక్కాని పిడి మొదట ముగించాను. ఆరిన పూతను తడిపి సన్నటి సాండ్‌పేపర్‌తో రుద్దడం, మళ్ళీ పూయడం. చుక్కాని పిడి పట్టుకుంటే వెన్నముద్ద పట్టుకున్నట్టుండేది. ఊరివాళ్ళు వచ్చి బల్లలో ముఖాలు చూసుకున్నారు. నా ఛాతీ ఎంత పొంగిందంటే చొక్కా గుండీలు తెగలేదంతే.

మిగిలింది నేలపలకలు. అక్కడ ఐలయ్యకూ నాకూ చెడింది.

“కింద కూడా గిట్లనే మెరవాలె.”

“కింద మెరుపు వద్దన్నా. ఇసుక పోస్త.”

“ఏం పోస్తవ్?”

“ఇసుక. వార్నిష్ పచ్చిగ ఉన్నప్పుడే సన్నటి ఇసుక చల్లి, ఆరినంక దాని మీద ఇంకో పూత. గరుకుగ ఉంటది. కాలు జారది.”

ఆయన ముఖం మాడిపోయింది. “గెస్ట్‌హౌస్ సార్లకైతే అద్దం, చేపలు పట్టెటోనికి ఇసుకనా? నేను నిన్ను ఏరికోరి తోలుకొచ్చింది గిందుకేనా?”

ఒళ్ళు మండింది. నా పనిని అనుమానిస్తే తండ్రినైనా వదిలేవాణ్ణి కాదు. గాజు పెంకు కింద పడేసి చెప్పాను: “అన్నా, మెరుపు తేవుడు నాకు చిటికెల పని. అది తెచ్చి నీ కొడుకును మల్ల గోదాట్లెకు తోలమంటవా? నేను చెయ్య. ఇంకో మేస్త్రీని తెచ్చుకో.”

వల అల్లుతున్న రాజమ్మ చెయ్యి ఆగింది. మొదటిసారి నా వైపు నేరుగా చూసింది.

మాటలతో తేలే పని కాదని రెండు విడి పలకలు తీసుకున్నాను. ఒకదానికి నా చేతనైనంత మెరుపు, ఇంకోదానికి గోదావరి ఇసుక. ఇసుకను కడిగి, ఎండబెట్టి జల్లించాలంటే జల్లెడ కావాలి. రాజమ్మను అడిగితే తన పిండి జల్లెడ తెచ్చి ఇచ్చింది. ఇంకెప్పుడూ దాంతో పిండి జల్లించడానికి ఉండదని తెలిసే ఇచ్చింది. పలకలు రెండూ గట్టిగా ఆరాక పడవ పక్కనే నేల మీద పరిచాను. “అక్కా, చేపలు కడిగిన నీళ్ళు పొయ్యవా” అన్నాను. రాజమ్మ కుండ వంచింది.

ఐలయ్య తువ్వాల నడుముకు బిగించాడు. “నేను పుట్టిందే నీళ్ళల్ల. నన్నేం జారిస్తది ఇది?” అని మెరిసే పలక మీద కాలు పెట్టాడు. రెండో కాలు పెట్టే తీరిక ఆ పలక ఇవ్వలేదు. దబ్బున కూలబడ్డాడు. చూస్తున్నవాళ్ళంతా గొల్లుమన్నారు. ఐలయ్యే అందరికంటే గట్టిగా నవ్వాడు.

రాజమ్మ నవ్వలేదు. ఖాళీ కుండ చేతిలో పట్టుకుని అలాగే నిలబడి ఉంది. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. “గట్లనే పడ్డడు. నా కొడుకు గట్లనే పడ్డడు” అంది. నవ్వులన్నీ ఆగిపోయాయి. ఐలయ్య లేచి, తువ్వాలతో ముఖం తుడుచుకుని, “మేస్త్రీ, నీ ఇష్టమొచ్చినట్టు చెయ్” అన్నాడు.

అంతటితో అయిపోలేదు. ఇసుక పలక మీద రాజమ్మ తనే ఎక్కి నిలబడింది. జారలేదు. కానీ మోకాళ్ళు ఆనించి, చేపలు ఏరుతున్నట్టు అటూ ఇటూ జరిగి లేచి, కాలు చూపించింది. చర్మం గీరుకుపోయి ఎర్రబడింది.

“అన్నా, ఇది గీరుతాంది. మాకు చెప్పులుండయ్. పొద్దంతా దీని మీదనే కూసుంటరు. కాలు పట్టాలె గని తోలు పోవద్దు.”

నిజమే. మంచాలకూ బీరువాలకూ అలవాటు పడ్డ నాకు మోకాళ్ళ సంగతి ఎలా తట్టేది? ఇంకా సన్నటి ఇసుక కోసం వెతికాం. వరద తీసిన చోట అడుగున పేరుకునే మెత్తటి ఇసుకను ఐలయ్యే చూపించాడు. అది మరీ మెత్తనైంది, వార్నిష్‌లో మునిగిపోయి గరుకే లేకుండా పోయింది. రెండూ కలిపి చూశాను. ఒక్కో పలక చేయడం, ఆమె నీళ్ళు పోసి ఎక్కడం, తల అడ్డంగా ఊపి దిగడం. నా పనికి అంత కఠినమైన పరీక్ష ఏ ఆఫీసరూ పెట్టలేదు. చివరికి ఒక పలక మీద నిలబడి, కూర్చుని, మోకాళ్ళ మీద పాకి, దిగి వల దగ్గరికి పోయింది. ఈసారి తల అడ్డంగా ఊపలేదు. నాకు అదే బహుమానం. ఆ పాళ్ళతోనే నేలంతా చేశాను.

తొలకరి పడ్డ రోజు నేను అక్కడే ఉన్నాను. నా పని వానలో ఎలా ఉంటుందో చూడకుండా బస్సెక్కబుద్ధి కాలేదు. పడవను నీళ్ళలోకి తోశారు. గోడల మీద చినుకులు ముత్యాల్లా నిలిచి జారిపోతున్నాయి. సదానందం ఒడ్డున తల్లి పక్కన నిలబడ్డాడు. ఎవరూ ఎవర్నీ ఎక్కమనలేదు.

రాజమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుని, చేపల కడుగునీళ్ళ కుండతో తానే నీళ్ళలో దిగి పడవెక్కింది. తొట్టిలో నీళ్ళు పోసింది. చుక్కాని పట్టుకునే చోట నిలబడి, “ఊపుండ్రి” అంది. ఐలయ్య పడవ అంచు పట్టుకుని ఊపాడు. “ఇంకా గట్టిగ!” అంది. అతను, నేను, ఇంకో ఇద్దరు కలిసి ఊపాం. ఆమె పాదాలు పలకను కరుచుకున్నట్టు ఉన్నచోటే ఉన్నాయి. చుట్టూ అద్దంలా మెరుస్తున్న బల్లనూ గోడలనూ ఆమె ఒక్కసారైనా చూడలేదు. కళ్ళు మూసుకుని నిలబడింది. కాసేపటికి దిగి వచ్చి, తడి చేత్తో కొడుకు వీపు మీద తట్టింది.

“పో బిడ్డా. ఎక్కు.”

తండ్రీకొడుకులు ఎక్కారు. ఇంజిన్ చప్పుడు నది వంపు దాటేదాకా మిగతా అందరం వానలోనే నిలబడ్డాం. ఆమె ఏడుస్తోంది. నేనూ ఏడ్చాను, చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ఆ తర్వాత ఎవరు పని తెచ్చినా, అది ఎలా కనపడాలని కాక, దాన్ని ఎవరు వాడతారు, ఎలా వాడతారని ముందు అడగడం నేర్చుకున్నాను. ముసలివాళ్ళ పీటకు ఒక రకం, పసిపిల్లల ఊయలకు ఒక రకం. ఎన్ని బీరువాలు చేశానో, ఎన్ని తలుపులు మెరిపించానో లెక్క లేదు. హోటలాయన తల దువ్వుకునే అద్దాలకు ఏనాడూ కరువు రాలేదు. కానీ నీ చేతి పనుల్లో గొప్పది ఏదని ఎవరైనా అడిగితే, ఎవరి ముఖమూ కనపడని ఆ గరుకు పలకల పేరే చెప్తాను. వాటి మీద రాజమ్మ కొడుకు కాలు జారకుండా నిలబడ్డాడు.