ఏడు వంతుల బావి

ధాన్యం కొలిచేటప్పుడు మా వైపు ఏడు అనరు, 'ఆరున్నొకటి' అంటారు. ఏడంటే ఇంట్లో ఏడుపు పడుతుందని భయం. నాకు ఆ అంకె మీద ఇంకో రకం కోపం ఉంది. అది రెండుకు లొంగదు, మూడుకు లొంగదు, ఎవరి మాటా వినని మొండిది. కొత్తకోట బడిలో నాలుగు జమాతులు ఉర్దూలో చదివినవాణ్ణి నేను. ఎక్కాలన్నీ ఉర్దూలో వచ్చేవి, ఆకలి మాత్రం తెలుగులోనే వేసేది. నా చదువు ఊరికి అక్కరకొచ్చే సందర్భం ఒక్కటే వచ్చింది. అప్పుడు కూడా అక్కరకు రాలేదు.

తాతల కాలంలో మా దాయాదులు, ఏడిండ్ల పాలోళ్ళు, కలిసి ఒక బావి తవ్వుకున్నారు. చీట్లు వేసుకుని ఇంటికొక దినం నీళ్ళ వంతు పెట్టుకున్నారు. మా ఇంటికి మంగళవారం వచ్చింది. ఎవరి వంతునాడు వాళ్ళు తమ ఎడ్లను మోటకు కట్టి మడి తడుపుకోవాలి. ఏడు వంతులు, వారానికి ఏడు రోజులు. ఇంతకన్నా ధర్మమైన లెక్క లేదని అందరూ మెచ్చుకునేవాళ్ళట.

నాకు ఇరవై ఏండ్లు వచ్చేనాటికి దొర గడి నుంచి కొత్త హుకుం దిగింది. ప్రతి మంగళవారం ఊళ్ళో ఉన్న ఎడ్లన్నీ దొర చేనుకు వెట్టికి పోవాలి. కాదన్నవాడి వీపు ఏమైందో ఊరంతా చూసింది. ఇక మా వంతునాడు బావిలో నీళ్ళుంటాయి, లాగే ఎడ్లుండవు. ఆ ఎండాకాలం మాకున్న ఆధారమల్లా బావి కింద వేసిన తైదల మడి, అదే రాగుల మడి. వానలు పడేదాకా ఆ గింజ మీదే బతకాలి. ఒక మంగళవారం మా బాపూ నేనూ మోకు భుజాలకు వేసుకుని మోట లాగాం. మడిలో ఒక మూలయినా తడవలేదు గానీ, ఎడ్ల మీద నాకు గౌరవం పెరిగింది.

ఆ రాత్రి ఒళ్ళు నొప్పులతో పడుకున్నప్పుడు తట్టింది. వారం ఏడు, వంతులూ ఏడే. రెండూ ఒకే కాడికి కట్టిన ఎడ్లలా సమంగా నడుస్తున్నంత కాలం మంగళవారం మమ్మల్ని వదలదు. మర్నాడు పాలోళ్ళందరినీ బావి గడ్డ మీద కూర్చోబెట్టాను.

"వంతులు ఎనిమిది చేద్దాం. ఎనిమిదో దినం ఎవ్వలికీ వద్దు, బావికే ఇడుద్దాం, ఊట ఊరుతది. గప్పుడు అందరి వంతు సుట్టుకొక దినం జరుగుతది. మంగళవారం ఒక్కలి మీదనే పడకుంట అందరికీ తిరుగుతది."

అందరిలో పెద్దవాడైన మా పెద్దనాయిన చుట్ట ఆర్పకుండానే విన్నాడు. "అంటే నీ దెబ్బ మాకందరికీ పంచుతనంటవు."

"పంచితే సన్నగైతది గద పెద్దనాయినా."

"దెబ్బలు పంచుకుంటరార ఎవరన్న? బువ్వ పంచుకుంటరు. అదీ ఉంటె."

నవ్వులు లేచాయి. శనివారం వంతున్న మా చిన్నాయిన ఒక్కడే "పోరడు చెప్పింది న్యాయమే" అన్నాడు. ఇటు మేమిద్దరం, అటు ఐదిండ్లు. నా లెక్క ఎవరికీ లెక్కలేకుండా పోయింది.

ఆ నెలలోనే ఊరికి వాంతులు భేదుల గత్తర వచ్చింది. పొద్దున మోట తోలిన చిన్నాయిన మాపటికి లేడు. వాళ్ళకు పిల్లలు లేరు, చిన్నమ్మ ఒక్కతే మిగిలింది. చావు ఖర్చులకు చిన్నమ్మ ఎడ్లను అమ్ముకుంది. ఎడ్లు లేని ఇంటికి వంతెందుకని పెద్దనాయిన వాళ్ళు ఆమె శనివారం తీసేశారు. వంతులు ఆరయ్యాయి.

మా వంతు మంగళవారం నుంచి సోమవారానికి జరిగింది, మరుసటి సుట్టు ఆదివారానికి. వడలిన తైద తలెత్తింది. పక్కనే చిన్నమ్మ మడి పగుళ్ళు బారుతోంది. నీళ్ళు మళ్ళించేటప్పుడు బాపు అటువైపు చూసేవాడు కాదు.

మంగళవారం మాత్రం ఊరికే ఉంటుందా? ఒక్కొక్కరి వంతు మీదా వాలుతూ వచ్చింది. తన వంతు మీద వాలిన మర్నాడు పెద్దనాయినకు దయ పుట్టింది.

"మొగడు పోయిన మనిషి నోట్లె మన్ను కొడితిమిరా. ఆమె వంతు ఆమెకియ్యాలె. పాత చీట్ల ప్రకారం ఏడుకు ఏడు ఉండాలె."

ఏమి చిత్రమో, మిగతావాళ్ళకూ ఆ రోజే దయ పుట్టింది. అందరూ బాపు దిక్కు చూశారు. వద్దంటే ఆమె కడుపు మేమే కొట్టినట్టు. సరేనంటే మంగళవారం మళ్ళీ మా నెత్తిన. నేను ఎనిమిది అనబోయాను. "నీ ఎనిమిది నీ దగ్గరనే ఉంచుకో" అన్నాడు పెద్దనాయిన.

బాపు నేల గీరుతున్న పుల్ల పారేశాడు. చివరికి "ఆమె శనివారం ఆమెకియ్యుండ్రి" అన్నాడు.

చిన్నమ్మ దూరంగా నిలబడి అంతా వింది. వాళ్ళు లేచిపోయాక దగ్గరికొచ్చింది.

"దినమైతె ఇచ్చిన్రు. ఎడ్లు యాడియి బావా? నీ ఎడ్లు కట్టు. పొద్దుగాల నాకు, పగటేల నీకు."

"సగం దినంల నీ మడి తడువదమ్మా."

"నీది గూడ తడువది. నాకెర్కనే."

మిగిలిన ఎండాకాలమంతా రెండిండ్లకూ ఉన్నది ఒక్క శనివారమే. పొద్దు నడినెత్తికి రాగానే ఆమే పార పట్టుకుని తన కాలువ పూడ్చి, మా వైపు తెంచేది. కోతనాటికి రెండు మళ్ళూ ఒకే తీరుగా ఉన్నాయి. కాలువ పక్కన గింజ పట్టింది, అవతలి సగం తెల్లగా ఎండింది. అమ్మా చిన్నమ్మా గింజ ఉన్నమేరకు కోసి, మిగిలింది ఎడ్లకు వేశారు. ఆ మేత తిన్న ఎడ్లు మంగళవారం దొర చేనుకు పోయాయి.