చేదెక్కిన ఆవపిండి

చాంద్రాయణగుట్టలో ఫ్లైఓవర్ లేని రోజుల్లో రాజమణి అక్కడికి కోడలిగా వచ్చింది. అత్తవారికి అప్పుడు పదకొండు బర్రెలు. భర్త మైసయ్య సైకిల్‌కు క్యాన్లు కట్టుకుని సంతోష్‌నగర్‌లో పాలు పోసేవాడు. అతనికి ఒంట్లో బాగాలేని రోజు ఆమే వెళ్లేది. ఏ గుమ్మంలో నిలబడ్డా ఒకటే చూపు. ఒకావిడ వేలు ముంచి చూసేది. ఒకాయన గోరు మీద చుక్క వేసుకుని జారుతుందేమోనని చూసేవాడు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన శారదాంబ గారైతే నీళ్లు కలిశాయో లేదో చెప్పే గాజు మీటరే ఏకంగా కొనిపెట్టుకున్నారు. అది పాలలో తేలి, ఊగి, ఆగేదాకా రాజమణి గుమ్మం బయట నిలబడాలి. రాజమణి ఇంట్లో ఎన్నడూ పాలలో నీళ్లు కలపలేదు. అయినా ఇరవై ఏళ్లు ఆ చూపుల కింద నిలబడేసరికి ఆమెకూ అదే చూపు అబ్బింది.

బర్రెలు పోయి, కొట్టం ఉన్నచోట అద్దె గదులు లేచాయి. పాలు పోసిన ఇళ్లు మాత్రం రాజమణిని వదల్లేదు. ఎండాకాలం వస్తే ఆమె కలిపే పచ్చడి పొడి కావాలి వాళ్లకు. మామిడికాయ కోసి, ఆ పొడి కలిపి, నూనె పోసుకుంటే సరిపోయేది.

"ప్యాకెట్లల్ల ఏం కలుపుతరో ఎవలికెరుక" అనేది రాజమణి. దుకాణంలో తొడిమలతో సహా ఆడించేస్తారని మిరపకాయల తొడిమలు తానే తీసేది. పసుపు కొమ్ములు తానే కొట్టేది. మెంతులు సన్నని సెగ మీద ఎర్రగా వేయించేటప్పుడు పొయ్యి దగ్గరికి ఎవరినీ రానిచ్చేది కాదు.

ఆవాలకు మాత్రం అఫ్జల్‌గంజ్ దాకా వెళ్లేది. ఈ ఏడూ వెళ్లింది.

"అస్లీ మాల్ అమ్మా, దేఖో" అన్నాడు దుకాణదారు.

"అస్లీ అని నువ్వంటే అయితదా?" అని నాలుగు గింజలు పంటి కింద వేసుకుంది. తడి రుమాలులో ఇంకొన్ని రుద్ది, రంగు అంటలేదని చూసుకుంది. సంచి పైభాగంలోవి వద్దని, అడుగునుంచి తీయించి తూకం వేయించింది. ఇంటికొచ్చి గుప్పెడు విడిగా మూటగట్టి దాచింది. రేపు ఏదైనా తేడా వస్తే సాక్ష్యం ఉండాలి కదా.

మిగతావి డాబా మీద ఎండబెట్టి, గొడుగు వేసుకుని కాపలా కూర్చుంది. మధ్యాహ్నానికి ఆ వేడి గింజలను అలాగే మూటగట్టి రాంచందర్ గిర్నీకి తీసుకెళ్లింది. కారం, పసుపు, మసాలాలు ఆడించే చిన్న గిర్నీ అది. రాంచందర్ మూటలో చెయ్యి పెట్టి చూశాడు.

"అక్కా, ఆవాలు గరంగున్నయి. చల్లారనీ. గీడ పెట్టి పో, పొద్దుమీకి వట్టి పెడ్త."

రాజమణి మూటను తన వైపు లాక్కుంది. పెట్టి పొమ్మంటున్నాడంటే ఏదో ఉంది.

"నేనెందుకు పోవాలె? ఇప్పుడే వట్టు. మెత్తగ రాకుంటే మల్లొక్కసారి వట్టు."

"చేదైతదక్కా."

"మంచి ఆవాలు చేదెందుకైతయి? నీ మిషిన్ల ఎవలిదన్న పాత పిండి ఉంటే అయితది."

రాంచందర్ మూట విప్పి గింజలు మిషన్‌లో పోశాడు. ఆపకుండా రెండుసార్లు ఆడించాడు. మధ్యలో కరెంటు తగ్గుతోందని చెప్పి, ఫ్యూజు చూడటానికి ఒక్కసారి లోపలికెళ్లి వచ్చాడు. పొగలు కక్కుతున్న పిండిని రాజమణే డబ్బాలోకి పట్టుకుని వెంటనే మూత బిగించింది.

ఆ పిండితో కలిపిన పచ్చడి పొడి మూడిళ్లకు వెళ్లింది. వారం తిరక్కుండా శారదాంబ గారు ఫోన్ చేశారు.

"రాజమణీ, ఈసారి ఏమైంది? ఆవకాయ నోట్లో పెట్టుకోలేకపోతున్నాం. ఒకటే చేదు."

రాజమణి మిగిలిన ఆవపిండి డబ్బా తెరిచి నాలుక మీద చిటికెడు వేసుకుంది. చేదు గొంతు దాకా దిగింది. అంతే, చెప్పులేసుకుని గిర్నీకి నడిచింది. అక్కడ నలుగురు ఆడవాళ్లు డబ్బాలతో కూర్చున్నారు.

"నా ఆవాలు మార్చినవ్!"

"నువ్వు నా ముందట్నే కూసుంటివి గదక్కా. ఎట్ల మారుస్త?"

"కరెంటు పేరు చెప్పి లోపలికి పోతివి గద. గప్పుడే మార్చినవ్."

రాంచందర్ ముఖం ఎర్రబడింది. "ఇగ నీ పిండి నేను వట్ట. వేరే గిర్నీ చూస్కో."

అంత కోపం వచ్చిందంటే నిజమే అయ్యుంటుందనుకుంది రాజమణి. దాచిన గుప్పెడు ఆవాలూ, పిండి డబ్బా పట్టుకుని సంతోష్‌నగర్ వెళ్లింది. శారదాంబ గారు ఆ గింజల్లో కొన్ని చిన్న రోట్లో దంచి రుచి చూశారు. ఘాటు ముక్కుకెక్కింది. చేదు జాడ లేదు.

"చూసినవా శారదమ్మా! మార్చిండు!"

ఆవిడ తొందరపడలేదు. ఎప్పుడు ఎండబెట్టావు, ఎప్పుడు ఆడించావు అని ఒక్కొక్కటే అడిగారు. తర్వాత మిక్సీ జార్ కడిగి, తుడిచి, మిగిలిన ఆవాలు కాసేపు ఎండలో పెట్టి అందులో వేశారు. జార్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కేదాకా తిప్పుతూనే ఉన్నారు. ఆ పొడి రాజమణి అరచేతిలో పోశారు.

నాకి చూసింది. అదే చేదు.

"మిక్సీల ఇంతకుముందు ఏమేసిండ్రు?" అంది అనుమానంగా.

"నీ ఎదురుగానే కడిగాను కదే! ఆవాలు వేడి మీద ఆడిస్తే ఇంతే. చల్లారాక, ఆపి ఆపి తిప్పాలి."

రాజమణి అరచేతిలోని పొడిని ఇంకోసారి నాకి చూసింది. రాంచందర్ చెప్పిందీ అదే మాట. పొమ్మన్నాడన్న ఒక్క కారణంతో ఆమె చెవిలోకి ఎక్కలేదు.

మర్నాడు కొత్త ఆవాలతో గిర్నీకి వెళ్లేసరికి రాంచందర్ తప్ప అక్కడ ఎవరూ లేరు. బల్ల మీద కూర్చుని ఎదురుచూసింది. లొల్లి పెట్టింది నలుగురి ముందు. తప్పు ఒప్పుకోవడం కూడా నలుగురి ముందే జరగాలనుకుంది. నలుగురు ఆడవాళ్లు వచ్చాక లేచి నిలబడింది.

"రాంచందరన్నా, నువ్వు మార్చలే. నేనే ఎండలకెల్లి తెచ్చి గరం గరం వట్టిచ్చిన. నిన్ను దొంగనన్న. తప్పయింది."

అతను తల ఎత్తకుండా జల్లెడ దులిపాడు. "చెప్పిన గదక్కా నేను."

"చెప్పినవ్. పొమ్మన్నవని నాకు డౌటొచ్చింది."

"అయితే ఈసారి పెట్టి పోతవా?"

రాజమణి మూటను చూసింది, అతన్ని చూసింది. మూట బల్ల మీద పెట్టబోయి ఆగింది.

"పోబుద్ధయితలేదన్నా" అంది సిగ్గుపడుతూ.

అక్కడున్న ఆడవాళ్లు నవ్వారు. రాంచందర్‌కు కూడా నవ్వొచ్చింది. ఆవాలు పళ్లెంలో పరిచి నీడలో పెట్టాడు. మూడు విడతలుగా, మధ్య మధ్య ఆపుతూ ఆడించేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. ఈసారి పిండి చల్లగా, పచ్చటి ఘాటుతో వచ్చింది. ఆ సాయంత్రమే కారం, మెంతిపిండి, ఉప్పు కలిపి మూడిళ్లకూ తానే తీసుకెళ్లి ఇచ్చింది. మార్కెట్లో కాయ పండుబారకముందే శారదాంబ గారు మళ్లీ ఆవకాయ పెట్టారు.