గట్టు ఎత్తు

సిటీ బస్సు నడిపే ఆయన్ని డిపోలో అందరూ హారన్ బాబాయి అంటారు. బస్సు హారన్ పాడైన రోజు కూడా కిటికీలోంచి తల బయటపెట్టి ఒక్క కేక వేస్తే చాలు, ముందున్న బండ్లన్నీ పక్కకి తప్పుకుంటాయని ఆ పేరు. పేరు పెట్టిన కండక్టరు ఎప్పుడో రిటైరైపోయాడు గానీ, పేరు మాత్రం బాబాయి వెంటపడి ఇంటిదాకా వచ్చేసింది. వీధిలో పసిపిల్లలకి కూడా ఆయన హారన్ బాబాయే. ఆయన భార్య అందరికీ పిన్ని.

బాబాయికి గొంతు ఒక గొప్ప అయితే కళ్ళు ఇంకో గొప్ప. తల మీదుండే అద్దంలోకి అలా ఓ చూపు పారేసి, వెనక సీట్లో ఎవరు టికెట్ కొనకుండా నిద్ర నటిస్తున్నారో ఇట్టే చెప్పేసేవాడు. "ఇరవై ఆరేళ్ళ సర్వీసు! నా కళ్ళు కప్పి ఈ బస్సులోంచి దోమ కూడా దిగిపోలేదు" అని డిపో క్యాంటీన్లో టీ తాగుతూ కోతలు కోసేవాడు. కోతలే అయినా అందులో పెద్ద అబద్ధం లేదు. ఇన్నేళ్ళలో ఒక్క సైకిలును కూడా గీరిన పాపాన పోలేదు.

అలాంటి మనిషి ఇంట్లోనే పిన్ని చూపు పోతోంది. కంటి డాక్టరు రెండు కళ్ళలోకీ లైటు వేసి చూసి, పెదవి విరిచి, "నరం ఎండిపోతోందండీ. ఉన్న చూపు కొన్నాళ్ళు నిలబడడానికి చుక్కల మందు వేసుకోవడమే. పోయింది మాత్రం తిరిగి రాదు" అన్నాడు. ఎన్నాళ్ళని అడిగితే, "చెప్పలేం. ఏడాది పట్టొచ్చు, ఇంకా ముందే కావచ్చు" అన్నాడు. ఇంటికొచ్చేటప్పుడు ఆటోలో బాబాయి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని, దుమ్ము పడిందని వంక చెప్పి ఏడ్చాడు. పిన్నే ఆయన మోకాలు తట్టి, "నాకు బాగానే కనిపిస్తోంది లెండి. డాక్టరన్నాక ఏదో ఒకటి చెప్పాలిగా" అంది.

ఆటో దిగేసరికి బాబాయి ఒక నిర్ణయానికి వచ్చేశాడు. పెళ్ళైన కొత్తలో పిన్నికి ఓ మాటిచ్చాడు. ఈ మసిబారిన వంటగది కూలగొట్టించి, గోడలకి తళతళలాడే పలకలు అతికించి, పట్టపగల్లా వెలిగే లైటు పెట్టి కొత్తది కట్టిస్తానన్నాడు. ఆ మాట ఇరవై నాలుగేళ్ళుగా ఇవాళ కాదు రేపు, రేపు కాదు ఎల్లుండి అన్నట్టే బతుకుతోంది. ఇంక ఎల్లుండి అనడానికి వీల్లేదు. చూపు ఉండగానే ఆ వంటగది ఆమె కళ్ళారా చూడాలి. ఒక్కసారి చూసినా చాలు.

మేస్త్రీని పిలిస్తే అతగాడు బుర్ర గోక్కుని, వానలు తగ్గాక వస్తానన్నాడు. అంటే నాలుగు నెలలు. "నాలుగు నెలలా! అప్పటికి ఆవిడకి..." అనబోయి బాబాయి మిగతా మాట మింగేశాడు. మేస్త్రీకి ఏం అర్థమైందో ఏమో, "కూల్చడానికి నా దగ్గర మనుషుల్లేరు బాబాయ్. ఎవరైనా కూల్చి, గది ఖాళీ చేసి పెడితే మధ్యలో వారం సర్దుకుని వచ్చి కట్టేస్తా" అన్నాడు. బాబాయి అక్కడికక్కడే చొక్కా చేతులు మడిచాడు. కూల్చడమెంత సేపు! బస్సునే తిప్పేవాడికి సుత్తి ఒక లెక్కా!

"ఏవండీ, ఇదంతా ఇప్పుడవసరమా? ఉన్నది బాగానే ఉందిగా" అంది పిన్ని.

"నువ్వూరుకోవోయ్. దీన్ని బాగుండడం అంటారా? సొరంగంలా ఉంది."

పిన్ని కాసేపు చీరకొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. "సరే, మీ ఇష్టం. పొయ్యి గట్టు ఎత్తు మాత్రం మార్చొద్దు. గూడు కూడా ఎక్కడున్నది అక్కడే ఉండాలి."

"పాతదానిలాగే ఉండడానికైతే కొత్తది కట్టడం దేనికే? నీ చాదస్తం తగలెయ్య!" అని పకపకా నవ్వాడు బాబాయి. డాక్టరు దగ్గర్నుంచి వచ్చాక ఆయన నవ్వడం అదే మొదలు. పిన్ని వేలికి చుట్టిన కొంగు వదిలేసి పక్కకి తప్పుకుంది.

ముందుగా గూట్లో డబ్బాలు దింపి, జిడ్డు పోయేలా కడిగి హాల్లో బల్ల మీద వరసగా పెట్టాడు. ఉప్పు డబ్బాకి ఒక రబ్బరు బ్యాండు, పంచదార డబ్బాకి రెండు, టీపొడికి మూడు చుట్టి ఉన్నాయి. మూతలు వదులయ్యాయి కాబోలు అనుకున్నాడు. కడిగాక వాటిని మళ్ళీ డబ్బాలకి వెయ్యలేదు. మేకులూ స్క్రూలూ పోసిన పొట్లానికి చుట్టుకున్నాడు. ఎంత పొదుపరో చూడండి!

ఇక మొదలైంది తిరణాల. బాబాయిది తెల్లవారుజాము డ్యూటీ. నాలుగింటికి లేచి పరిగెత్తి, ఆరు ట్రిప్పులు కొట్టి, రెండింటికి ఇల్లు చేరి, నాలుగు ముద్దలు నోట్లో కుక్కుకుని సుత్తి పట్టేవాడు. సరిగ్గా అదే సమయానికి, పైవాటాలో అద్దెకుంటున్న లెక్కల మాస్టారు మధ్యాహ్నం నిద్రకి ఒరిగేవాడు. రెండో రోజు ఆయన మెట్ల మీదే నిలబడి, "ఏమయ్యా హారనూ, నిమిషానికి ఇరవై రెండు దెబ్బలు! ఇది ఇల్లా, క్వారీయా?" అన్నాడు.

"మీరు కూచుని దెబ్బలు లెక్కపెడుతుంటే నిద్రెలా వస్తుంది మాస్టారూ!" అన్నాడు బాబాయి కిందనుంచి.

డిగ్రీ ఆఖరి పరీక్షలు రాస్తున్న కూతురు చెవుల్లో దూది పెట్టుకుని రెండు రోజులు ఓర్చుకుంది. మూడో రోజు పుస్తకం మీద వేలితో గీస్తే దుమ్ములో గీత పడింది. "నాన్నా, నా పరీక్షలయ్యేదాకా ఆగితే ఏం పోయింది?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఏం పోతుందో కూతురికి చెప్పలేక బాబాయి తల వంచుకున్నాడు. ఆ పిల్ల ఆ సాయంత్రం నుంచే పుస్తకాలు సర్దుకుని స్నేహితురాలింటికి చదువుకోవడానికి వెళ్ళడం మొదలుపెట్టింది.

గది మధ్య అడ్డుగోడ పాతదే గానీ, పాతగోడలా ఉండదు కదా! పైకి పెచ్చులూడుతూ, లోపల ఇనుములా ఉంది. పది దెబ్బలకి ఒక ఇటుక కదిలితే గొప్ప. నాలుగో రోజున సుత్తి పోయి పోయి గోడలో దాక్కున్న నీళ్ళ గొట్టానికి తగిలింది. నీళ్ళు చివ్వున లేచి బాబాయి మొహాన కొట్టాయి. బొటనవేలు అడ్డుపెడితే మోచేతి మీదుగా కారి చంకలోకి వచ్చాయి. నీళ్ళు కట్టేసే వాల్వు చూద్దామంటే ఆయన స్వయంగా నింపి పేర్చిన ఇటుక ముక్కల సంచుల వెనక ఉంది. "ఎవరైనా రండ్రోయ్" అని పెట్టిన కేక నాలుగు వీధులకి వినిపించింది. తీరా వచ్చింది లెక్కల మాస్టారే, ఒంటి నిండా సబ్బు నురగతో. పైన పంపులో నీళ్ళాగిపోయాయిట.

మర్నాటికి చేతులు పైకి లేవలేదు. గేరు మార్చినప్పుడల్లా భుజంలో నిప్పు పెట్టినట్టయ్యేది. ఒక స్టాపులో ఆపాల్సిన చోట కాకుండా పది గజాలు ముందుకి పోనిచ్చాడు. పన్నెండు నిమిషాలు ఆలస్యంగా డిపో చేరితే మేనేజరు మెమో చేతిలో పెట్టాడు. ఇరవై ఆరేళ్ళలో మొదటి మెమో. బాబాయి దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకుని, ఎవరికీ చూపించకుండా ఇంటికొచ్చి మళ్ళీ సుత్తి పట్టాడు.

ఇంట్లో పరిస్థితి అంతకంటే అధ్వాన్నంగా ఉంది. హాల్లో ఓ మూల పొయ్యి పెట్టి, పక్కన బల్ల మీద సామాన్లు సర్దితే, అక్కడ పిన్నికి ఒక్క పనీ తిన్నగా సాగడం లేదు. ఇరవై నాలుగేళ్ళలో వేలెత్తి చూపనివ్వని మనిషి టీలో ఉప్పు వేసింది. ఇంకో రోజు గిన్నెలో కాకుండా గిన్నె పక్కన నీళ్ళు పోసింది. ఆ మర్నాడు దారిలో ఉన్న బకెట్టు తన్నుకుని బోర్లా పడింది.

"కళ్ళెక్కడ పెట్టుకుని నడుస్తున్నావే!" అని అరిచేశాడు బాబాయి. అరిచాక నాలుక కరుచుకున్నాడు.

"ఇల్లంతా చిందరవందరగా ఉంది కదండీ, అందుకే" అంది పిన్ని, పాదం రుద్దుకుంటూ.

బాబాయి బకెట్టుని గోడవారకి తోశాడు. డాక్టరు చెప్పినదానికన్నా తొందరగా పోతోంది చూపు! ఇంక ఒక్క రోజు కూడా వృథా చెయ్యకూడదు. ఆదివారం సెలవంతా, వారం మధ్యలో ఇంకో రోజు సెలవు పెట్టి, ఒళ్ళు తెలియకుండా కొట్టాడు. రాతి గట్టు గుమ్మంలోంచి పట్టక, దాన్ని పిడికెడంత ముక్కలు చేశాడు. గూడు పీకేశాడు. గోడ మీద పాత పూతంతా గీకి ఇటుక తేల్చాడు. గురువారం పొద్దున చెత్త లారీ వచ్చి డెబ్బై సంచులూ ఎత్తుకుపోయింది. మేస్త్రీ ఎల్లుండి వస్తానన్నాడు.

ఖాళీ గదిని చూసుకుని బాబాయికి పట్టరాని ఉత్సాహం వచ్చింది. పలకలు రావడానికి ఇంకా వారం పడుతుంది. కనీసం లైటైనా ఇవాళే చూపించాలి. కొత్త ట్యూబులైటు తెచ్చి గోడకి బిగించాడు. కూలగొట్టేటప్పుడు ఉలి తగిలి తెగిన వైరుని తనే ముడివేసి టేపు చుట్టాడు. సాయంత్రం ఏడు కావస్తోంది. కూతురు ఇంకా రాలేదు. పిన్ని చెయ్యి పట్టుకుని, జాగ్రత్తగా గుమ్మం దాటించి, గది మధ్యలో నిలబెట్టాడు.

"సిద్ధమా?"

"సిద్ధమే."

టక్కున స్విచ్చి వేశాడు. "చూడు!"

లైటు వెలగలేదు.

"అబ్బ! ఎంత వెలుగండీ!" అంది పిన్ని, మొహం పైకెత్తి. "పట్టపగల్లా ఉంది. కళ్ళు జిగేల్మంటున్నాయి."

బాబాయి వేలు స్విచ్చి మీదే ఉండిపోయింది. గదిలో మునిమాపు చీకటి. పిన్ని మొహం ట్యూబులైటు వైపు కూడా లేదు, పక్క గోడ వైపుంది. ఇంకోసారి నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. టక్ టక్ మన్నదే గానీ చీకటి చీకటిలాగే ఉంది.

"ఆర్పేశారేం? ఉంచండి, బాగుంది" అంది పిన్ని.

హారన్ బాబాయి గొంతు ఆ రోజు గుమ్మం కూడా దాటలేదు. "లైటు వెలగలేదే."

పిన్ని ఉలిక్కిపడింది. పైన మాస్టారి రేడియోలో ఎవరో వార్తలు చదువుతున్నారు.

"ఎప్పట్నుంచి?" అన్నాడు బాబాయి.

"పోయిన వానాకాలం నుంచి. పగలు ఎండలో ఓ చిన్న కంతలోంచి చూసినట్టు కొంచెం కనిపిస్తుంది. పొద్దు వాలితే అదీ ఉండదు."

"అబద్ధం! మరి వంటెలా చేశావు? ఒక్కనాడు చెయ్యి కాల్చుకోలేదు. ఒక్కనాడు ఉప్పు తప్పలేదు."

"మీరు గేరు వంక చూసి గేరు వేస్తారా?"

బాబాయి స్విచ్చి మీదనుంచి వేలు తీశాడు.

"నాకూ అంతేనండీ. గట్టు పొట్టకి తగిలితే చాలు, చెయ్యి దానంతటదే అగ్గిపెట్టె మీదకి వెళ్ళేది. గట్టు అంచున చిన్న పెచ్చు లేచిన చోటుండేది చూశారా, దానికి ఎదురుగా పొయ్యి. ఎడమ చెయ్యి చాపితే గూడు. ఒక రబ్బరు బ్యాండుంటే ఉప్పు, రెండుంటే పంచదార. ఆ గదిలో నాకు కళ్ళతో పనే లేదు. చీకటైపోయినా నా వంట నేను చేసుకునేదాన్ని."

"మరి చెప్పవేమే! సుత్తి పట్టుకున్న రోజునే చెప్పి చావొచ్చుగా!" అని అరవబోయాడు. అరుపు రాలేదు. ఏడుపే వచ్చింది.

"చెబుదామనే వచ్చాను. ఆటోలో అంత ఏడ్చిన మనిషి, కొత్త వంటగది అంటూ పకపకా నవ్వడం వినిపించింది. ఇంక నోరు రాలేదు. గట్టు ఎత్తూ గూడూ మార్చకుండా కడితే చాల్లే, సర్దుకుంటానులే అనుకున్నాను." పిన్ని తడుముకుంటూ ఆయన చొక్కా అంచు పట్టుకుంది. "పోనీ, ఎత్తు ఎంతుండేదో మేస్త్రీకి చెప్పండి. అలాగే కట్టమనండి."

ఎత్తు ఎంత? బాబాయికి తెలియదు. ఒక్కో ఇటుకా తన చేత్తో పీకాడు, ఒక్కో రాయీ తన చేత్తో పగలగొట్టాడు గానీ కొలవలేదు. గోడ మీద గట్టు ఆనిన గీతైనా మిగలకుండా గీకేశాడు. అద్దంలో ముప్ఫై సీట్ల అవతలి మనిషిని పోల్చే కళ్ళకి, మూడడుగుల దూరంలో రోజూ టీ అందించిన మనిషి ఏడాదిగా తన వైపు సరిగ్గా చూడడం లేదని తెలియలేదు. పిన్ని బతుకంతా పొద్దునే లారీ ఎక్కి వెళ్ళిపోయింది.

"నీకు గుర్తుందా ఎంతో?" అన్నాడు.

"నాకేం గుర్తండీ. నా పొట్టకి గుర్తు."

బాబాయి ఆమెని గట్టు ఉన్న గోడ దగ్గరికి నడిపించి, ఆమె ఎదురుగా మోకాళ్ళ మీద కూచుని, రెండు చేతులూ కలిపి అడ్డంగా చాపాడు. ఉబ్బిపోయిన భుజాలు వణికాయి. "ఇంతా?"

పిన్ని ఒక అడుగు వేసి ఆనుకుంది. "ఉహూ. ఇంకొంచెం కిందకి."

"ఇంతా?"

"ఆ... కొంచెం పైకి. ఆఁ, అదే. కదలకండి." ఆమె ఒళ్ళు ఒక్కసారిగా తేలికపడడం ఆయన చేతులకి తెలిసింది. పిన్ని ఎడమ చెయ్యి తడుముకోకుండా లేచి, గాలిలో ఒక చోట ఆగింది. "ఉప్పు ఇక్కడ. గూడు సరిగ్గా ఇక్కడ." చెయ్యి ఇంకాస్త జరిగింది. "పంచదార."

అక్కడ గోడ మీద గుర్తు పెట్టాలి. బాబాయి రెండు చేతులూ గట్టుగా ఉన్నాయి. తీస్తే ఎత్తు పోతుంది, తీయకపోతే గుర్తు లేదు. తల తిప్పి ఆమె వేళ్ళు ఆగిన చోటు చూద్దామనుకున్నాడు. అప్పటికి గదిలో పూర్తిగా చీకటి పడింది. గోడ లేదు, వేళ్ళు లేవు, ఏమీ లేదు.

"కనిపిస్తోందా, ఎక్కడో?" అని అడిగింది పిన్ని.

"ఆ" అన్నాడు బాబాయి. "బాగా కనిపిస్తోంది."