మెత్తటి స్ప్రింగులు, మడి సామాను

మా ఆయన శఠగోపానికి పని దేవస్థానం ఆఫీసులో, ప్రాణం కారులో. ఎనభై మూడులో, మద్రాసు పందేలలో తిరిగిన పాత కారొకటి కొనుక్కొచ్చారు. ఎర్రది, రెండే తలుపులు. పందేలవాళ్ళు వేయించిన స్ప్రింగులు ఎంత బిరుసంటే, రోడ్డు మీది గులకరాయి కూడా నడుముకు తెలిసేది. ఆ కుదుపు ఆయనకు ముద్దు. నాకు ఒళ్ళు నొప్పులు.

మా అత్తగారు సుందరవల్లికి ఒక కన్ను ఎప్పుడో పోయింది. మిగిలిన కంటికి మద్రాసులో ఆపరేషన్ అయింది. తిరుపతి ఇంటికి పోవచ్చు గానీ తలకు కుదుపు తగలకూడదు, కుట్లు తెగితే ఇక చూపు రాదని డాక్టరు ఖండితంగా చెప్పాడు. రైల్లో తోపులాట. టాక్సీకి ఆమె ససేమిరా అంది. ఎవరెవరో కూర్చున్న సీట్లో మడి మనిషి కూర్చోదట. ఇక మిగిలింది ఈ ఎర్ర కారే.

దాంతో ఆయన తిరుపతిలో మెకానిక్ ఆదిమూలం షెడ్డుకు పోయి స్ప్రింగులు మార్పించారు. ఆదిమూలం రెండు జతలు ముందు పెట్టాడట.

“ఇవి బాగా మెత్తన సామీ, బరువెక్కితే కూలబడతాయి. ఇవి రోంత గట్టి. బండిలో ఎంత బరువు పోతాదో సెప్పు.”

“ముగ్గురమే అప్పా.”

వెనక సీటు మీద నిండు చెంబు పెట్టి, రెండు జతలూ వేయించి, కరకంబాడి దాకా తిరిగి చూశారు. మెత్తటివాటికి చుక్క తొణకలేదు. అవే ఖాయం చేసుకుని మహా ఘనకార్యం చేసినట్టు మద్రాసు వచ్చారు.

నన్నొక్క మాట అడిగి ఉంటే చెప్పేదాన్ని. ఆస్పత్రి పక్క గదిలో ఇన్నాళ్ళూ నేను మడి కట్టుకుని వండింది ఉత్త చేతులతో కాదు. ఇత్తడి గుండిగలు, కుంపటి, బొగ్గుల మూట, ఆఖరికి రుబ్బురోలు కూడా మాతో రైల్లో వచ్చాయి. అవి లేకుండా అత్తగారు కదలదు. ఈ మహానుభావుడు మనుషుల్ని లెక్కపెట్టి వంటింటిని మరిచిపోయారు. పైగా దారిలో ఆమె తాగడానికి మా బావి నీళ్ళు బిందెడు తెచ్చారు.

సామానెక్కేసరికి కారు వెనక భాగం చతికిలబడింది. అత్తగారు కంటికి కట్టుతో ముందు సీట్లో కూర్చుంది. నేను వెనక నుంచి రెండు చేతులతో ఆమె తల పట్టుకున్నాను. ఊతుకోట దాటేదాకా ఉయ్యాలలో ఉన్నట్టే ఉంది. నాగలాపురం దగ్గర చిన్న గుంతలో పడగానే, కింద ఇనుము ఇనుముకు ధణేల్‌మని కొట్టుకుంది. ఆ దెబ్బ నా మోచేతుల దాకా వచ్చింది.

“అమ్మా!” ఆయన బండి ఆపేశారు.

“ఏం కాలేదురా,” అంది ఆమె. కట్టు తడిసిందేమోనని తడిమి చూశాను. తడవలేదు. పుత్తూరు దాకా దారంతా గుంతలే. ఇంకో దెబ్బ తగిలితే ఏమవుతుందో! ఆయన మీద ఒళ్ళు మండిపోయింది, కానీ పాలిపోయిన ఆ మొహం చూసి ఊరుకున్నాను.

పక్కనే తాయమ్మ అనే ఆమె టీ కొట్టు ఉంది. సామాను ఉంచుకుంటానంది. ఆయన రోలు దించారు, గుండిగలు దించారు. ఆ చప్పుడుకు అత్తగారి మెడ బిగుసుకుంది.

“యాడ పెడతా ఉండావురా?”

“టీ కొట్లో అమ్మా.”

స్నానం చెయ్యకుండా కోడళ్ళమే ముట్టని గుండిగలవి.

“ఎక్కించు మళ్ళీ.”

“ఎక్కించను. నీ కన్ను పోతాదమ్మా!”

తల్లికి ఆయన ఎదురుచెప్పడం నేను మొదటిసారి విన్నాను. అంతలో తాయమ్మ, పాపం సాయం చేద్దామని, నీళ్ళ బిందెను తానే ఎత్తి కిందపెట్టేసింది. కారు పైకి లేచింది. కొడుకు తన కిటికీ దగ్గరే ఉన్నాడని అత్తగారికి తెలుసు.

“బిందె దించిందెవురు?” అంది అత్తగారు.

“నేనేనమ్మా,” అంది తాయమ్మ. “బరువుండాదని.”

ఇక ఆ నీళ్ళు ఆమె ముట్టదు. మిట్టమధ్యాహ్నం, తిరుపతి ఇంకా దూరం. కోపంతో తల విదిలిస్తుందేమోనని భయంతో గట్టిగా పట్టుకున్నాను. నా చేతుల మధ్య ఆ తల సన్నగా వణుకుతోంది. కాసేపటికి ఆమె కిటికీలోంచి దోసిలి చాచింది.

“దాహంగా ఉండాది తాయమ్మా. రోంత పొయ్యి.”

తాయమ్మ నా వైపు చూసింది. నాకు ఏడుపు ఆగలేదు, తలూపాను. అత్తగారు కడుపునిండా తాగింది. సామాను తాయమ్మ దగ్గరే వదిలి బయల్దేరాం. ఆ తరవాత ఇల్లు చేరేదాకా కారు ఎక్కడా కొట్టుకోలేదు.

కట్టు విప్పిన రోజు మమ్మల్నిద్దర్నీ గుర్తుపట్టింది. ఆనందంతో కాళ్ళ మీద పడబోయిన కొడుకును ఆపి, “కారు తియ్యరా, నాగలాపురం పోదాం. ఆ తాయమ్మ మొహం నేను చూడనేలేదు,” అంది.