అప్పులివ్వని బ్యాంకు

శనివారం సాయంత్రం క్యాషియరమ్మ ఒక పాత బ్యాంకు కౌంటరును, అద్దంతో సహా, నలుగురు మెకానిక్కుల చేత మేడ మీదికి ఎక్కించింది. కింద టైర్ల దుకాణం మరిదిది. పైగదీ అతనిదే.

"పాఠానికి ఒక బల్ల చాలదా వదినా?"

"ఎదురుగా అద్దం లేకపోతే నాకు గొంతు పెగలదయ్యా."

అది నిజం. ఉద్యోగమంతా అద్దం వెనక నుంచే మనుషులతో మాట్లాడింది. రిటైరయ్యాక, చేతిలో నాలుగు రాళ్ళు నిలవని ఇళ్ళ పిల్లలకు డబ్బు సంగతులు నేర్పడానికి సంస్థ పెట్టింది. రిజిస్ట్రేషన్ అయింది, బోర్డు కట్టింది. మొదటి క్లాసులో మాత్రం వడ్డీ దగ్గరే మాట ఆగిపోయింది. రెండో వారానికి ముగ్గురు మిగిలారు. ఈ వారం గది నిండకపోతే సోమవారం అందులో టైర్లు దింపేస్తానని మరిది తేల్చేశాడు.

అద్దం వెనక కూర్చోగానే, అలవాటు కొద్దీ, "లైన్లో రండి" అంది. ముగ్గురూ లైను కట్టి, నవ్వాపుకోలేక ఒకరి మీద ఒకరు పడ్డారు.

"మేడం, అటువైపు ఒకసారి నేను కూర్చోనా?" అంది సెలూన్లో పనిచేసే పిల్ల.

కూర్చుందో లేదో, మేనేజరు ముఖం పెట్టేసింది. డెలివరీ కుర్రాడు బండికి అప్పు అడిగాడు.

"నెలకెంతొస్తుంది?"

"ఒక్కో నెల ఒక్కోలా."

"ఖర్చు?"

"రాసుకోలేదు."

"రాసుకుని రా. నెక్స్ట్."

"నిన్న నీకు టీ తాగించాను కదే."

"టీ పూచీకత్తు కాదు."

క్యాషియరమ్మ పగలబడి నవ్వింది. ఆ ఊపులోనే, అద్దం బయట నిలబడి, కిస్తీ ఎంతవుతుందో, వడ్డీ మీద వడ్డీ ఎలా ఎక్కుతుందో గడగడా చెప్పేసింది. డెలివరీ కుర్రాడు ఫోను తీశాడు. "రండ్రా, ఎవరికీ అప్పులివ్వని బ్యాంకు పెట్టారిక్కడ."

గంటలో లైను మెట్ల మీదికి పాకింది. గొడవేమిటో చూద్దామని వచ్చిన మరిదిని కూడా లైన్లోకి తోసేశారు. అద్దం వెనక ఇప్పుడు డెలివరీ కుర్రాడు.

"ఏం కావాలి సార్?"

"నా గది."

"టైర్లు నెలకెంత అద్దె ఇస్తాయి?"

మరిది తల గోక్కున్నాడు. "టైర్లేం ఇస్తాయయ్యా."

"తలా కొంచెం వేసుకుని మేమిస్తాం. నెక్స్ట్."

లైనంతా గొల్లున నవ్వింది. మరిది వదిన వైపు చూశాడు. ఆవిడ గోడకు ఆనుకుని, ఒక చేత్తో పొట్ట పట్టుకుని, వద్దు వద్దని రెండో చెయ్యి ఊపుతోంది, ఇంక నవ్వలేక.

సోమవారం వచ్చిన టైర్లను అతను మెట్ల కింద సర్దించాడు. తర్వాతి శనివారం క్లాసుకు నలభై ఒక్కమంది వచ్చారు.